మన పిల్లలకు ఏ స్వాస్థ్యము మిగులును?



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకున్న మాట "స్వాస్థ్యము". మందిరములో ఈ మాట వినబడితే తండ్రుల నుండి పిల్లలకు వచ్చే ఆస్తి అని మనకు తోస్తుంది. నిఘంటువు తీసి చూస్తే అదే మాటకు ఆరోగ్యము అని అర్థము రాసి ఉంటుంది. మా వద్ద శిక్షణ పొందే అమ్మాయిలు మొదటి ఏడాది ఈ రెండింటి మధ్య తికమక పడుతుంటారు. మేము వారిని పెద్దగా దిద్దము. వార్డులలో పనిచేసేకొద్దీ ఆ రెండు అర్థములు ఎంత దగ్గరివో వారికే తెలిసివస్తుంది.

రాత్రి డ్యూటీలో, మందులు ఇచ్చి దీపములు తగ్గించిన తరువాత, పెద్ద వయసు రోగులు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ముందు ముందు ఏమైతదో సిస్టరమ్మా, మా మనుమలు ఎట్ల బతుకుతరో?" బి.పి. చూస్తే ఎక్కువగా ఉంటుంది, నిద్ర ఉండదు. పది మందిలో తిరిగి వచ్చిన వారు ఎండలు ముదిరిన సంగతి, బోర్లు ఎండిన సంగతి, పిల్లలు ఫోను వదలని సంగతి చెబుతారు. టీవీ చూసేవారు యుద్ధముల సంగతి చెబుతారు. "అంతా మంచిగనే ఉంటది, పండుకో తాతా" అని దుప్పటి కప్పి వెళ్ళడము తేలిక. అయితే కొందరి విషయములో ఆ మాట చెప్పడానికి నోరు రాదు. ఏలయనగా వారు భయపడినది జరిగిపోయినది.

వేములఘాట్ సంగతి మీకు తెలియనిది కాదు. మన సిద్దిపేట జిల్లా తొగుట మండలములోని ఊరు. ఊరు ఉండేది అని అనవలెను. కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగముగా మల్లన్నసాగర్ జలాశయము కట్టాలని నిర్ణయించినప్పుడు పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, ఎర్రవల్లి, సింగారం మొదలైన ఊళ్ళతో పాటు వేములఘాట్ కూడా ముంపులోకి వచ్చినది. 2016 జూన్‌లో ఆ ఊరివారు రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. రోజుకు కొందరు చొప్పున, ఆడవారూ మగవారూ, రెండేళ్ళు దాటినా లేవలేదు. వారు అడిగినది పెద్ద కోరిక కాదు. 2015 జూలైలో వచ్చిన 123వ నంబరు జీవో ప్రకారము కాక, 2013 భూసేకరణ చట్టము ప్రకారము తమ సంగతి చూడమన్నారు. భూమి తీసుకొనుటకు ముందు దానివలన అక్కడి మనుష్యులకు ఏమి జరుగుతుందో విచారించవలెనని ఆ చట్టములో ఉన్నది. చివరికి 2021లో ఇళ్ళు ఖాళీ అయినవి. జనము గజ్వేల్ పక్కన ముట్రాజ్‌పల్లి వద్ద కట్టిన కాలనీకి వెళ్ళారు. 2022 ఫిబ్రవరి 23న జలాశయమును ప్రారంభించారు. దాని సామర్థ్యము 50 టీఎంసీలు. ఒక్క టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు.

ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి మేము ఎవరము? ఆ నీరు పారే చేనులోని పిల్లలు కూడా పిల్లలే. కాకపోతే ఒక చోటి పిల్లలకు నీరు స్వాస్థ్యముగా దొరకడానికి ఇంకొక చోటి పిల్లల స్వాస్థ్యమును వెలగా పెట్టారు. ఈ లెక్క ఎక్కడో ఒకచోట రాసి ఉండాలని మా అభిప్రాయము. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు పిల్లర్లు కుంగినవి అన్న వార్త వచ్చినప్పుడు, దేని కొరకు ఊరు విడిచామో అని ముంపు ఊళ్ళవారు ఏమనుకొని ఉంటారో మీరే ఆలోచించండి.

మన ప్రాంతమునకు ఇది మొదటిసారి కూడా కాదు. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు, 1981లో, కృష్ణ ఒడ్డున వంద దాకా ఊళ్ళు నీటిపాలైనవి. అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపూర్ తీసుకువెళ్ళి తిరిగి కట్టారు. మంచి పనే. మనుష్యులను మాత్రము అంత జాగ్రత్తగా విప్పి, అంత జాగ్రత్తగా తిరిగి నిలబెట్టే పద్ధతి అప్పుడూ లేదు, ఇప్పుడూ వచ్చినట్లు లేదు.

రాజుల మొదటి గ్రంథములో నాబోతు ద్రాక్షతోట కథ ఉన్నది గదా. రాజు దానికి బదులు ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, లేదంటే వెల ఇస్తానన్నాడు. బేరము చూస్తే నష్టము లేదు. అయినా నాబోతు ఒప్పుకోలేదు, అది తన పితరుల స్వాస్థ్యము కనుక. ఈ భాగము చదివినప్పుడు పట్టణము వారికి నాబోతు కొంచెము మొండివాడిగా కనబడవచ్చును. ముంపు ఊరివారికి అలా కనబడడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ 2013 చట్టము ప్రకారము వయసు వచ్చిన ప్రతి మనిషిని వేరే కుటుంబముగా లెక్కిస్తారు. చట్టము వరకు అది న్యాయమే. కాని లెక్క తీసిన నాటికి పద్దెనిమిదేళ్ళు నిండినవాడు ఒక కుటుంబము, పదిహేడేళ్ళవాడు తండ్రి లెక్కలో ఒకడు. ఉయ్యాలలో ఉన్న పిల్ల సంగతి ఎవరు ఎత్తుతారు? భూమి ఉండి ఉంటే ఆ పిల్లకు కూడా అందులో పాలు ఉండేది. పైకము అయితే ఆమె బడికి వెళ్ళే వయసుకు ఇల్లు కట్టడానికో, పెద్దక్క పెండ్లికో, ఆసుపత్రికో ఖర్చు అయిపోతుంది. రాబోయే తరము గూర్చి లోకములో పెద్ద పెద్ద సభలు జరుగుతుంటాయి. రాబోయే తరము అంటే ఆ ఉయ్యాలలోని పిల్లే.

ఇప్పుడు మా పనికి సంబంధించిన మాటకు వస్తాము. ఊరు మారితే ఒళ్ళు కూడా మారుతుంది. చేనులో కలుపు తీసినవారికి, బావి కాడికి పొద్దున సాయంత్రము నడిచినవారికి, వ్యాయామము చేయమని ఎవరూ చెప్పనక్కర లేదు. కాలనీకి వచ్చిన తరువాత ఆ నడక ఆగిపోతుంది, అన్నము మాత్రము అంతే పడుతుంది. ఇంటి వెనుక పాదు మీద కాసిన బీరకాయ, సొరకాయ ఇప్పుడు అంగట్లో కొనాలి. అందుచేత కూర తగ్గి అన్నము పెరుగుతుంది. పరిహారము చేతికి వచ్చిన రోజులలో సారా దుకాణమువాడు కూడా ఎదురు చూస్తుంటాడు. ఒకటి రెండేళ్ళలో షుగరు, బి.పి. బయటపడతాయి. ఇది ముంపు ఊళ్ళకే వచ్చిన కష్టము అనుకోవద్దు. మన దేశములో షుగరు ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వేలో తేలింది. చేను వదిలిన ప్రతి కుటుంబములోనూ ఇదే జరుగుతున్నది. ముంపు ఊరివారికి మాత్రము అది ఒక్క ఏడాదిలోనే జరిగింది.

మేము కొత్త రోగి కేసు షీటు నింపేటప్పుడు మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడుగుతాము. ఒక పెద్దాయన నవ్వి, మా నాయన నాకు ఇచ్చినదాంట్లో సర్కారు తీసుకోనిది అదొక్కటే అన్నాడు. మేమూ నవ్వాము.

ఇంట్లోని పెద్దవారిని గూర్చి ఇంకొక మాట. భూమి ఉన్నన్నాళ్ళు ఇంట్లో ముసలాయన మాటకు విలువ ఉంటుంది. ఎప్పుడు దున్నాలి, ఏ విత్తనము వేయాలి అని కొడుకు అడుగుతాడు. భూమి పోయిన మరునాడు ఆయనను అడగడానికి ఏమీ మిగలదు. గడప మీద కూర్చుంటాడు. నిద్ర తగ్గడము, ముద్ద సగములో వదలడము, వేసుకునే గోలీలు ఆపివేయడము, ఎందుకు బతకాలి అన్న మాట రావడము, ఇవి ముసలితనము కాదు, మనసుకు వచ్చిన జబ్బు. దీనికి చికిత్స ఉన్నది. రెండు వారములకు మించి అలా ఉంటే తీసుకురండి. రాలేకపోతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవ. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడుతారు. పడుచువారికి కూడా ఈ నంబరు చెప్పండి. భవిష్యత్తు లేదన్న దిగులు వారికి కూడా ఉంటుంది, వారు మనకంటె తక్కువ చెబుతారు, అంతే తేడా.

ఉప్మా చేసిన మేలు

పోయిన దానిని గూర్చి చాలా చెప్పాము. భూమి, ఇల్లు, బంగారము కాక, కాగితము లేకుండా పిల్లలకు చేరే ఆస్తి ఇంకొకటి ఉన్నది. దానిని గూర్చి మన తెలంగాణలోనే, హైదరాబాదుకు దగ్గర ఇబ్రహీంపట్నం ప్రాంతపు పల్లెలలో, ఒక గొప్ప పరిశీలన జరిగింది. పై చదువుల నర్సులకు కూడా చాలామందికి తెలియదు కనుక వివరముగా చెబుతాము.

1987 నుండి 1990 వరకు అక్కడ 29 ఊళ్ళను చూశారు. అందులో 15 ఊళ్ళలో అంగన్‌వాడీ ఆహార పథకము అప్పటికే వచ్చింది, 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఉప్మా వండి పెట్టేవారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనె, అంతే. తల్లికి ఎక్కువ, పిల్లకు తక్కువ. పిల్లలు పుట్టినప్పుడు బరువులో పెద్ద తేడా కనబడలేదు. అక్కడితో వదిలివేస్తే ఉప్మా వలన ఏమంత ప్రయోజనము లేదని రాసి ఫైలు మూసేవారే.

జాతీయ పోషకాహార సంస్థ వారు, విదేశీ పరిశోధకులు కలిసి 2003-05 మధ్య తిరిగి ఆ ఊళ్ళకు వెళ్ళి ఆ పిల్లలనే వెదికి పట్టుకున్నారు. అప్పటికి వారికి పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళు. పదకొండు వందల మందికి పైగా దొరికారు. ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు మిగిలిన ఊళ్ళవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. అది చిన్న సంగతి. వారి ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తున్నది, రక్తనాళములు కాస్త మెత్తగా ఉన్నాయి. అంటే ముందు ముందు షుగరు, గుండెజబ్బు వచ్చే అపాయము వారికి కొంత తక్కువ. తల్లి గర్భముతో ఉన్నప్పుడు తిన్నదీ, పిల్ల మొదటి ఏండ్లలో తిన్నదీ పదిహేనేళ్ళ తరువాత రక్తనాళములో కనబడింది. 2008లో ఈ ఫలితములు వెలువడినవి.

దీనిని మనము తిరగవేసి కూడా చదువుకోవాలి. తిండి తక్కువైన తల్లి కడుపులోని బిడ్డ, దొరికిన కొద్దితోనే గడుపుకొనేటట్లు తయారవుతుంది. ఆ బిడ్డ పెద్దయి, చేను పని లేక, కడుపునిండా అన్నము దొరికే కాలనీలో జీవిస్తే, ఆ ఒళ్ళు దానిని తట్టుకోలేదు. నానమ్మ పడిన కరవు, మనుమనికి నలభై ఏండ్లకే షుగరై రావడానికి ఇది ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు.

మన పరిస్థితి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో ఆరు నెలలు నిండి అయిదేళ్ళలోపు ఉన్న పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. పదిహేను నుండి నలభై తొమ్మిదేళ్ళ ఆడవారిలో నూటికి 57 మందికి పైగా ఉన్నది. రక్తము తక్కువైన అమ్మాయి తల్లి అయితే బిడ్డ కూడా ఆ తక్కువతోనే మొదలుపెడుతుంది. మేము దీనిని అప్పు అంటాము. బిడ్డ పుట్టకముందే రాసిన అప్పు.

ఆ అప్పు తీర్చడానికి పెద్ద చదువు అక్కర లేదు. 2015 జనవరి నుండి మన రాష్ట్రములో ఆరోగ్య లక్ష్మి పథకము కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనము, పాలు, గుడ్డు పెట్టడము మొదలుపెట్టారు. అక్కడికి వెళ్ళి, అక్కడే కూర్చొని తినండి. ఇంటికి తెచ్చుకుంటే గుడ్డు పెద్దోడికి, పాలు మామగారి చాయకు పోతాయి. అత్తగార్లకు మా ప్రత్యేక మనవి, కోడలు అంగన్‌వాడీకి వెళ్ళి రావడానికి పట్టే గంట మీ మనుమని నలభయ్యో ఏట లెక్కకు వస్తుంది. ఇనుము గోలీలు గర్భముతో ఉండగా 180 రోజులు, కాన్పు తరువాత ఇంకొక 180 రోజులు వేసుకోవాలి. చాయతో వేసుకుంటే ఒంటికి పట్టదు. విరేచనము నల్లగా అయితే భయపడవద్దు, అది గోలీ రంగే. కడుపులో వికారముగా ఉంటే భోజనము తరువాత వేసుకోండి కాని మానవద్దు.

మందులు కూడా ఆస్తియే

ఇది క్లుప్తముగా. మీలో కొందరు కల్చర్ రిపోర్టు చూసి ఉంటారు. అందులో ఒక్కొక్క యాంటీబయాటిక్ పేరు ఎదుట ఎస్ అని గాని ఆర్ అని గాని అక్షరము ఉంటుంది. ఎస్ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. మేము ఈ వృత్తిలోకి వచ్చిన రోజులతో పోల్చితే ఇప్పుడు ఆర్‌లు చాలా ఎక్కువ కనబడుతున్నాయి. ఒక్కొక్కసారి పసిపిల్లల రిపోర్టులో కూడా. నాలుగు రోజుల బిడ్డ ఏ మందూ వాడలేదు గదా. ఆ మొండి క్రిమి మనము తయారుచేసి ఇచ్చినది.

లోకములో 2019లో మందులకు లొంగని బాక్టీరియా వలన నేరుగా 12 లక్షలకు పైగా మంది చనిపోయినట్లు అంచనా. దీనిలో మన పాత మెదక్ జిల్లాకు కూడా పాలు ఉన్నది. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు నీటిని శుద్ధి చేసే చోట బయటకు వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తములో ఉండే దానికంటె ఎక్కువ అది. అటువంటి నీటిలో చావకుండా మిగిలిన క్రిమికి ఆ మందు ఏమి చేస్తుంది?

కంపెనీ మురుగు ఆపడము మన చేతిలో లేదు. జలుబుకు దుకాణములో "ఒక మంచి గోలీ ఇవ్వు" అని అడగకుండా ఉండడము మన చేతిలో ఉన్నది. జలుబు, చాలా రకముల దగ్గు, మామూలు వైరల్ జ్వరము యాంటీబయాటిక్‌కు తగ్గవు. డాక్టరు రాసిన కోర్సు రెండో రోజుకు జ్వరము తగ్గిందని ఆపవద్దు. మిగిలిన గోలీలు పక్కింటివారికి ఇవ్వవద్దు. కోళ్ళు, గొర్రెలు ఉన్నవారు పశువుల డాక్టరును అడగనిదే దాణాలో మందు కలపవద్దు. చివరి ఆశగా మేము దాచుకొనే కొలిస్టిన్ అనే మందును కోళ్ళ దాణాలో వాడుతున్నారని తెలిసి 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వము దానిని పశువులకు వాడకుండా నిషేధించవలసి వచ్చింది.

ఇంత చదివిన తరువాత దిగులు ఇంకా పెరిగిందని కొందరు అనుకోవచ్చును. మా వయసువారి చేతి మీద గుండ్రటి టీకా మచ్చలు ఉంటాయి. అవి మశూచి టీకావి. మన దేశములో ఆ రోగము 1975 మే తరువాత కనబడలేదు. మా వద్ద చదువుకొనే అమ్మాయిలకు ఆ మచ్చ లేదు, అవసరము లేక. వారు ఆ రోగమును పుస్తకములో బొమ్మగా మాత్రమే చూస్తారు. సహజ పోలియో వైరస్ వలన వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, ఆ తరువాత లేదు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు రోగుల కొరకు ఆశ్రయము తెరిచిన నాడు ఆ జబ్బు పూర్తిగా నయమవుతుందని ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు ఆరు నెలలో, ఏడాదియో గోలీలు మింగితే నయమవుతుంది. ఈ రోగములతో ఉన్నవారి మనుమలు ఎట్ల బతుకుతారో అని ఆ రోజులలో కూడా ఎవరో ఒకరు రాత్రిపూట నర్సును అడిగే ఉంటారు.

కాని మేము ఈ మాటలు చెప్పి వేములఘాట్ తాతను నిద్రపుచ్చలేము. మశూచి పోయినది గనుక ఊరు పోయినా ఫరవాలేదు అని ఎవరు అనగలరు? ఆయన దిగులును ఊరికే విని, ఊరి పేరు, చేను పేరు, చింతచెట్టు ఎక్కడ ఉండేదో చెప్పించుకుంటాము. అలా చెప్పిన రాత్రి ఆయనకు గోలీ లేకుండా నిద్ర పట్టడము మేము కొన్నిసార్లు చూశాము. మనుమలు ఉంటే వారిని కూడా పక్కన కూర్చోబెట్టుతాము. కాలనీలో పుట్టిన పిల్లలకు ఊరు అంటే ఏమిటో చెప్పగలిగినవారు ఇంకొక ఇరవై ఏండ్లే ఉంటారు.

ఇంట్లో కలిసి మాట్లాడుకొనుటకు

ఈ వారము ఒక సాయంత్రము టీవీ ఆపి, ఇంట్లోవారందరూ కూర్చొని, చదువు వచ్చిన పిల్లల చేత ఒక కాగితము మీద రాయించండి. తాత, నానమ్మ, అమ్మమ్మలలో షుగరు, బి.పి., గుండెజబ్బు, పక్షవాతము ఎవరికి వచ్చింది, ఏ వయసులో? అమ్మ మిమ్ములను కడుపుతో ఉన్నప్పుడు ఏమి తిన్నది, ఏ పనికి వెళ్ళింది, కాన్పు ఎక్కడ జరిగింది? పుట్టినప్పుడు మీ బరువు ఎంత? ఇప్పుడు ఇంట్లో మిగిలిపోయిన గోలీలు ఏమి ఉన్నాయి, అవి ఎవరికి రాసినవి? తాత ఊరిలో మీ చేనుకు ఏ పేరు ఉండేది, అందులో ఏమి పండేది, నీరు ఎక్కడి నుండి వచ్చేది?

ఆ కాగితమును ఓ.పి. చీటీతో కలిపి పెట్టుకొని వచ్చేసారి తీసుకురండి. మిగిలిపోయిన గోలీలు కూడా ఒక సంచిలో వేసి తీసుకువస్తే ఏవి ఉంచాలో ఏవి పారవేయాలో మా సిస్టర్లు చూసి చెబుతారు.